పత్తి కొస గిల్లితే పక్క మొగ్గలు లేచేది ఆక్సిన్ తోనా, చక్కెర తోనా?

దేవరకొండ చెల్క:
మా చెల్కల పత్తి నడుమెత్తు దాటింది. ఎత్తు ఆగి పక్క కొమ్మలకు బలం రావాలని నాయన కొసలు గిల్లుతుండు. నేను బీఎస్సీ బోటనీ. కొసల తయారైన ఆక్సిన్ అనే ఎదుగుదల హార్మోన్ కిందికి దిగి మొగ్గల్ని అణచిపెడ్తదని మా సారు చెప్పిండు. సీనియర్ అక్కేమో చక్కెరే అంటది. చక్కెర తిండి గదా, అది జన్యువులను ఎట్ల నడిపిస్తది?

బత్తాయి తోట:
మరి మేం బత్తాయిని బెట్టకు వదిలి నీళ్లిస్తే పూత వస్తది. అది గూడ చక్కెరేనా?

పాలమూరు లెక్చరర్:
అన్నా, బెట్ట సంగతిల నీటి కరువు పెద్దది, దాన్ని ఇండ్ల కలపొద్దు.

చెల్లే, 2014ల ఆస్ట్రేలియాల బఠాణీ మీద చేసిన పని చూడు. కాండంల ఆక్సిన్ గంటకు సుమారు సెంటీమీటరే దిగుతది. కొస కోసినంక, అక్కడ ఆక్సిన్ తగ్గకముందే దూరంగ ఉన్న కింది మొగ్గలు కదిలినయి. ఫ్లోయంల, అంటే ఆకుల తిండి మోసే నాళాలల, చక్కెర అంతకన్న చాన వేగంగ పోతది. కొస ముట్టకుండ చక్కెర ఎక్కించినా మొగ్గ లేచింది, దాన్ని పండబెట్టే బీఆర్‌సీ1 జన్యువు తగ్గింది. ఆక్సిన్ పని తర్వాత, లేచిన మొగ్గ సాగేటప్పుడు.

ఇగ తిండి కబురెట్ల అయితది? హెక్సోకైనేజ్ అని గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్ ఉంటది. 2003ల జెన్ షీన్ అనే శాస్త్రవేత్త ల్యాబ్ వాళ్లు అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కల, ఫాస్ఫేట్ తగిలించుడు చేతగాని ఎంజైమ్ రకాన్ని పెట్టిన్రు. అయినా గ్లూకోజ్ ఎక్కువైతే కిరణజన్య సంయోగక్రియ జన్యువులు అణిగినయి! అంటే చక్కెర ఖర్చు కాకముందే సమాచారం అందింది. ఈ ప్రయోగం చెప్పేటప్పుడు క్లాసుల నాకే హుషారొస్తది. గాదె నిండినంక ఇంక వడ్లు పండించుడెందుకు?

ఆకలైతే ఎస్ఎన్‌ఆర్‌కే1 అనే ప్రొటీన్ లేస్తది. పెరుగుదల జన్యువులను ఆపి, దాచింది కరిగించేటియి నడిపిస్తది. సుక్రోజ్ పెరిగితే ట్రెహలోజ్-6-ఫాస్ఫేట్ అనే చక్కెర అణువు పెరిగి దాని నోరు మూయిస్తది.

దేవరకొండ చెల్క:
అయితే ఆకులు బాగలేని చెట్టుకు కొస గిల్లితే లాభం తక్కువనా సార్?

పాలమూరు లెక్చరర్:
బఠాణీల అట్లనే అయింది. కొసతో పాటు ఆకులు తీస్తే మొగ్గ ఎదుగుడు తగ్గింది. నాయనకు చెప్పు, లేత కొస ఒక్కటే గిల్లాలె, కింది పెద్దాకులు గుంజొద్దు.