గ్లాస్గోలో కుర్రాళ్ల ముఠాల హింస ఎలా తగ్గింది?

సత్యవాణి:
మా పేటలో పద్దెనిమిదేళ్లయినా నిండని పిల్లలు రెండు జట్లుగా విడిపోయి నెల రోజుల్లో రెండుసార్లు కొట్టుకున్నారు. రెండోసారి ఒకరి చేతిలో కత్తి కనిపించింది. రౌడీషీట్ తెరిపించాలని కొందరు పెద్దలు, అలా చేస్తే వాళ్ల బతుకు అక్కడితో ఆగిపోతుందని మరికొందరు అంటున్నారు. ఒకప్పుడు కత్తిపోట్లకు పేరుమోసిన స్కాట్లాండ్‌లోని గ్లాస్గో ఇప్పుడు చాలా మారిందని విన్నాను. అక్కడ ఏం చేశారో తెలిసినవారు చెప్పగలరా?

క్లైడ్ ఒడ్డున:
సత్యవాణి గారూ, నేను గ్లాస్గోలోనే ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఇక్కడి ముఠాలలో చాలావరకు వసూళ్ల కోసం పుట్టినవి కావు. నగరం తూర్పున ఈస్టర్‌హౌస్ వంటి చోట్ల, పాత మురికివాడలను ఖాళీ చేయించి కట్టిన ప్రభుత్వ గృహసముదాయాల్లో, పేటను బట్టే ముఠా ఏర్పడేది. రోడ్డు దాటితే అవతలివాళ్ల హద్దు కాబట్టి, అటువైపున్న ఈతకొలనుకు గానీ ఉద్యోగానికి గానీ పోవడానికి పిల్లలు జంకేవారు. ఏ ముఠాలోనూ లేని పిల్లవాడికి కూడా అతని చిరునామాయే శత్రువులను తెచ్చిపెట్టేది. నోటి చివర నుంచి చెంప మీదుగా కోసిన గాటుకు ఈ నగరం పేరే స్థిరపడిందంటే పరిస్థితి అర్థమవుతుంది.

2004-05లో స్కాట్లాండ్ మొత్తమ్మీద 137 హత్యలు నమోదయ్యాయి. 2005లో గ్లాస్గో ప్రాంతపు పోలీసు దళమైన స్ట్రాత్‌క్లైడ్ పోలీసులు హింస తగ్గింపు విభాగాన్ని నెలకొల్పారు. దాన్ని నడిపించిన కారిన్ మెక్‌క్లస్కీ, జాన్ కార్నోకన్ హింసను అంటువ్యాధిలా చూసి, అది సోకే దారులను మూయాలన్నారు. 2008 నుంచి, ముఠా హింసను తగ్గించడంలో అమెరికాలోని బోస్టన్ నగరపు అనుభవం ఆధారంగా, ముఠా కుర్రాళ్లను షెరిఫ్ కోర్టుకు (ఇక్కడి స్థానిక న్యాయస్థానం) పిలిపించి కూర్చోబెట్టేవారు. మీలో ఒక్కరు కత్తి ఎత్తినా ముఠా మొత్తాన్నీ వదలమని పోలీసులు చెప్పేవారు. తర్వాత శస్త్రవైద్యులు తాము కుట్టిన ముఖాల గురించి, ఒక తల్లి తన బిడ్డ గురించి మాట్లాడేవారు. నా ఉద్దేశంలో ఆ తల్లి మాటే అన్నిటికన్నా లోతుగా నాటుకునేది. చివర్లో, మానుకోదలచినవాళ్లకు ఫోన్ నంబరు ఇచ్చి చదువు, పని వెతుక్కోవడంలో సాయపడేవారు.

న్యాయవాది, గుంటూరు:
మొత్తం ఘనత ఆ సమావేశాలకే కట్టబెట్టకూడదు. అదే కాలంలో చట్టాన్నీ బిగించారు: కత్తి వెంట ఉంచుకున్నందుకు గరిష్ఠ శిక్షను 2006లో రెండేళ్ల నుంచి నాలుగేళ్లకు పెంచారు. పదేళ్లలో హత్యలు సగానికి పైగా తగ్గిన మాట నిజమే గానీ, అందులో దేని వాటా ఎంతో విడదీయడం కష్టం. మీ పేట సంగతికొస్తే, పద్దెనిమిదేళ్లు నిండనివారు 2015 నాటి బాలల న్యాయ చట్టం పరిధిలోకి వస్తారు. వారి కేసు మొదట బాలల న్యాయ మండలి ముందుకే వెళ్లాలి, వారి పేర్లు బయటపెట్టకూడదు. కాబట్టి పేర్లు, ఫొటోలు వాట్సాప్ గుంపుల్లో తిప్పుతున్నవారిని ముందు ఆపండి.

క్లైడ్ ఒడ్డున:
న్యాయవాది గారి సవరణ సరైనదే. ఒక్కటి మాత్రం కలుపుతాను: ఇక్కడి రాయల్ ఇన్‌ఫర్మరీ అత్యవసర విభాగంలో 2015 నుంచి నావిగేటర్లు అనే కార్యకర్తలు, గాయపడి వచ్చిన కుర్రాడి మంచం పక్కనే కూర్చుని మాట్లాడుతున్నారు. కసి తీర్చుకోవాలన్న ఆలోచన మొలకెత్తేది ఆ రాత్రే.

సత్యవాణి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు వీధుల మధ్యనున్న ఆటస్థలానికి పై వీధి పిల్లలు మూడు వారాలుగా రావడం లేదన్న సంగతి మీ జవాబు చదివాకే గమనించాను. దెబ్బలు తిన్న పిల్లవాడి తల్లితో ఆదివారం మాట్లాడతాను. ఆమె ఒప్పుకుంటేనే మిగతా తల్లుల ముందు ఈ విషయం ఎత్తుతాను.