నేల ఆరితే తెరుచుకునే డ్రిప్పర్: మన చీని తోటలకు పనికొస్తుందా?

అనంత_మెకానికల్:
ఫైనలియర్ ప్రాజెక్టుకు మా టీమ్ 4డి ప్రింటింగ్ తీసుకుంది. త్రీడీ ప్రింటర్‌లో అచ్చు వేసిన వస్తువు ఆ తర్వాత నీళ్లు తగిలినా, వేడి తగిలినా తనంతట తానే ఆకారం మార్చుకుంటుంది. అమెరికాలోని ఎంఐటీకి చెందిన స్కైలార్ టిబిట్స్ 2013లో దీన్ని చూపించినప్పుడే, అవసరాన్ని బట్టి వెడల్పయ్యే నీటి పైపుల గురించి కూడా చెప్పాడు. మరి వేరు దగ్గర నేల తడిస్తే జెల్ ఉబ్బి మూసుకునే, ఆరితే తెరుచుకునే డ్రిప్పర్ (డ్రిప్ పైపులో చుక్కచుక్కగా నీళ్లు వదిలే భాగం) ఎందుకు చేయకూడదు? కరెంటు వద్దు, సెన్సార్ వద్దు. ఏడాదికి 550 మి.మీ. వాన పడటమే గగనమైన అనంతపురానికి ఇది కావాలని నా వాదన. మా గైడ్ మాత్రం ల్యాబ్ దాటదంటున్నారు.

చీనితోట:
తమ్ముడూ, మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. మామూలు డ్రిప్పర్లే పూడుకుపోతాయి, అప్పుడప్పుడూ యాసిడ్ వదలాలి. మీ జెల్ దానికి తట్టుకుంటుందా? మూసుకున్నది తెరుచుకోకపోతే ఆ సంగతి ఆకు వాడాకే తెలుస్తుంది. ఏళ్ల తరబడి సాకిన చెట్టు అది.

కడప_పాలిమర్:
అన్న అడిగింది అసలు ప్రశ్న. తేమకు బాగా ఉబ్బే హైడ్రోజెల్స్‌లో చాలావాటికి ఉప్పునీటిలో ఆ ఉబ్బు తగ్గిపోతుంది. 2016లో హార్వర్డ్ వాళ్లు నీళ్లలో వేస్తే ముడుచుకునే పువ్వును ప్రింట్ చేశారు. ప్రింటర్ కదిలే దిశలో సెల్యులోజ్ నారలు వరుసగా పడతాయి. జెల్ ఆ వెంబడి తక్కువగా, అడ్డంగా ఎక్కువగా ఉబ్బుతుంది కాబట్టి వంగుతుంది. అద్భుతమైన పని, కాదనను. కానీ అది ల్యాబ్ నీళ్లలో.

ఇంకో చిక్కు: జెల్‌కు తగలాల్సింది నేల తేమ, పైపులో నీళ్లు కాదు. ఆ రెంటినీ విడదీయకపోతే నీళ్లు వదిలిన కాసేపటికే మూసుకుంటుంది. మందం రెట్టింపైతే ఉబ్బడానికి పట్టే సమయం దాదాపు నాలుగింతలు. వేడికి మారే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ వాడదామంటారేమో, అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మన ఎండలో నల్ల పైపు ఎంత కాలుతుందో మీకు తెలుసు.

2012లో మిషిగన్ వైద్యులు ఒక పసిబిడ్డ శ్వాసనాళానికి ప్రింట్ చేసిన తొడుగు వేశారు. బిడ్డ ఎదిగేకొద్దీ విచ్చుకుని, తర్వాత ఒంట్లోనే కరిగిపోయేలా చేశారు. ఒంట్లో వేడి పెద్దగా మారదు. పొలంలో అన్నీ మారతాయి. అందుకే నా ఓటు మీ గైడ్‌కే.

అనంత_మెకానికల్:
సార్, ఉప్పు కారణంగా వదిలేయమంటే ఒప్పుకోను. బోరు నీళ్లతోనే మొదటి పరీక్ష పెడతాం. పని చేయని జెల్ అక్కడే తేలిపోతుంది.

చీనితోట:
అలాగైతే ఒక షరతు. చెడిపోయినప్పుడు తెరిచే ఉండిపోయేలా చేయండి. నీళ్లు కొంత వృథా అయినా చెట్టు బతుకుతుంది. అలా చేసి తెస్తే మా తోటలో ఒక వరుస మీకిస్తా.