పాత డిజిటల్ కెమెరాలో కార్డ్ ఎర్రర్ వస్తోంది, ఫార్మాట్ కొట్టకుండా ఫోటోలు బయటికి తీయొచ్చా?

అందరికీ నమస్తే. నాన్న 2000లో కొన్న డిజిటల్ కెమెరా మొన్న బీరువా సర్దుతుంటే దొరికింది, 1.3 మెగాపిక్సెల్ది, నాలుగు పెన్సిల్ బ్యాటరీలు వేయాలి, లోపల 8 ఎంబీ స్మార్ట్‌మీడియా కార్డ్ (అప్పటి ఒక రకం మెమరీ కార్డ్) కూడా అలాగే ఉంది. పాత సెల్స్ కారిపోయి స్ప్రింగ్ మీద తెల్లగా పొడి కట్టింది, ఇయర్‌బడ్‌కి కొంచెం వెనిగర్ అద్ది తుడిచి ఆరబెట్టా. మామూలు ఆల్కలైన్ సెల్స్ వేస్తే లెన్స్ బయటికొచ్చి, స్క్రీన్ వెలిగి, రెండు నిమిషాల్లో ఆఫ్ అయిపోయేది. రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వేశాక మాత్రం బాగానే నిలబడుతోంది, వోల్టేజ్ 1.2 మాత్రమే అయినా, కెమెరా ఎక్కువ కరెంట్ లాగేటప్పుడు ఇవే నయం.

అసలు సమస్య కార్డ్. ఒక్కోసారి కార్డ్ ఎర్రర్ అంటుంది, ఒక్కోసారి ఫార్మాట్ చేయమంటుంది. నేను ఓకే నొక్కలేదు, ఎందుకంటే అందులో మా నానమ్మ ఫోటోలు ఉండాలి, ఆవిడవి మా దగ్గర ఇంకేం లేవు. కార్డ్ బిస్కెట్ రేకులా పల్చగా ఉంది, బంగారు రంగు కాంటాక్ట్ మీద వేలిముద్రలు కనిపిస్తున్నాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవొచ్చా? కెమెరాకి సీరియల్ కేబుల్ ఉంది గానీ నా లాప్‌టాప్‌కి ఆ పోర్ట్ లేదు, యూఎస్‌బీ కన్వర్టర్ పెడితే పనిచేస్తుందా, లేక స్మార్ట్‌మీడియా చదివే పాత కార్డ్ రీడరే వెతకాలా? ముందు కార్డ్ మొత్తాన్ని ఇమేజ్‌గా (అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైల్‌గా) కాపీ చేసి, దాని మీదే రికవరీ నడపాలని నా ఆలోచన. ఇలాంటి కార్డ్ నుంచి ఫోటోలు తీసినవాళ్లు ఉంటే ఏం వాడారో చెప్పండి ప్లీజ్.