కాలికి రాడ్డు వేశాక 'ఎముక అతికించే మిషన్' అద్దెకు తెచ్చుకోవాలా?

గాజువాక_ఫిజియో:
హైవే మీద బైకు ప్రమాదాల్లో మోకాలి కింది పెద్ద ఎముక, అదే టిబియా, విరిగి రాడ్డు వేయించుకున్నవాళ్ళు మా వైపు చాలామంది. ఆరో వారం ఎక్స్‌రేలో గీత ఇంకా కనబడేసరికి ఇంట్లోవాళ్ళకి కంగారు. రోజుకు 20 నిమిషాలు కాలికి పెట్టుకునే అల్ట్రాసౌండ్ మిషన్ అద్దెకు తెమ్మంటారా అని అడుగుతున్నారు. క్లినిక్‌లో నొప్పులకి వాడేది కాదండీ, చదరపు సెంటీమీటరుకి 30 మిల్లీవాట్ల చిన్న మోతాదుది. దీనికి గట్టి ఆధారం ఉందా? అసలు అతకలేదని ఎప్పుడు అనుకోవాలి? డిశ్చార్జి కాగితంలో 'కొద్దిగా బరువు మోపవచ్చు' అని రాస్తారు, ఆ కొద్దిగా ఎంతో పేషెంటుకి నేర్పడం ఎలా?

ఎముకలవార్డు:
మిషన్ వద్దనే చెప్పండి. సరిగ్గా ఈ ప్రశ్న మీదే ట్రస్ట్ అనే పరీక్ష జరిగింది, 2016లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. ఉత్తర అమెరికాలో టిబియా విరిగి ఆపరేషన్ అయిన 501 మందిలో సగం మందికి అసలు మిషన్, మిగతావాళ్ళకి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తిది ఇచ్చారు. ఎక్స్‌రేలో అతికిన వేగంలో గానీ, మనిషి నడిచి తిరిగే తీరులో గానీ తేడా రాలేదు. మరుసటి ఏడాదే బీఎంజే నిపుణుల బృందం వాడొద్దని గట్టిగా సిఫార్సు చేసింది. అంతకుముందు బాగుందన్నవి ఎక్కువగా చిన్న పరీక్షలు. అవి ఎక్స్‌రేనే చూశాయి తప్ప మనిషి ఎలా నడుస్తున్నాడో పెద్దగా చూడలేదు.

ఆరు వారాలకు గీత కనబడటం మామూలే. చర్మం చీలని విరుపు అతకడానికే నాలుగు నెలలు పట్టవచ్చు, ఎముక బయటికి వచ్చినదైతే ఇంకా ఎక్కువ. టిబియాకి రాడ్డు వేసినవాళ్ళ మీద జరిగిన 2008 నాటి స్ప్రింట్ పరీక్షలో ఏడాదిపాటు చూసిన 1,226 మందికి ఒక షరతు పెట్టారు: ఆరు నెలల లోపు 'అతకలేదు' అంటూ మళ్ళీ ఆపరేషన్ చేయకూడదు. చీము పట్టడం లాంటివి వేరే సంగతి. అలా ఆగడం వల్ల మళ్ళీ ఆపరేషన్ల అవసరం బాగా తగ్గి ఉండవచ్చని పరిశోధకులు అన్నారు.

ఎక్స్‌రేని అంకెల్లో చూడండి. ఎదురు నుంచి, పక్క నుంచి తీసిన రెండు ఫిల్ముల్లో కలిపి ఎముక గోడలు నాలుగు కనబడతాయి. ఒక్కో గోడకి అంకె వేయండి: కొత్త ఎముక లేకపోతే 1, వచ్చినా గీత ఉంటే 2, గీత కలిసిపోతే 3. మొత్తం 4 నుంచి 12 మధ్య ఉంటుంది. నెలనెలా పెరుగుతుంటే ఆగవచ్చు. ఆ మొత్తం రెండు మూడు నెలలు పెరగక, బరువు మోపినప్పుడు విరిగినచోటే నొప్పి ఉంటే సర్జన్ దగ్గరికి పంపండి.

వాకర్_నుంచి_కర్ర:
బరువు నేర్పడానికి బరువు తూచే మిషన్ చాలు. దాని పక్కన అంతే ఎత్తు చెక్క పెట్టి, మంచికాలు చెక్క మీద, దెబ్బ తగిలిన కాలు మిషన్ మీద ఉంచి, వాకర్ పట్టుకుని ముల్లు 20 కిలోలు చూపేదాకా మోపమనండి. పదిసార్లు చేశాక కళ్ళు మూసుకుని చేయించండి. అప్పటికి ఆ ఒత్తిడి కాలికి గుర్తుంటుంది. ఎంత మోపాలన్నది మాత్రం సర్జన్ మాటే. ఎముక నడుమ అడ్డంగా విరిగితే ఓర్చుకున్నంత బరువు ముందే మోపనిస్తారు. ముక్కలైనా, చీలమండ కీలులోకి దిగినా ఆగాలి.

అందరూ మరిచేది చీలమండ. దిండు మీద పాదం కిందికి వాల్చి నెల పడుకుంటే పిక్క పట్టేసి మడమ నేలకి ఆనదు. పాదానికి తువ్వాలు వేసి 30 సెకన్లు లాగడం, ఐదుసార్లు, రోజుకి మూడు పూటలు, సర్జన్ వద్దనకపోతే మొదటి వారం నుంచే. నడక బీచ్ రోడ్డు ఫుట్‌పాత్ మీద చేయించండి, ఇసుకలో మాత్రం వద్దు.

ఆటోనగర్_నర్సు:
మిషన్ అద్దె డబ్బుతో గుడ్లు కొనమనండి. 60 కిలోల మనిషికి రోజుకి 70 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ కావాలి, గుడ్డుకి 6 గ్రాములే. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టర్ని అడిగాకే. పుండు మానేదాకా పప్పు, చేప తగ్గించే పథ్యం మనవైపు ఇంకా ఉంది. అది తిరగబడుతుంది.

బీడీ, సిగరెట్ సంగతి నొక్కి చెప్పండి. అమెరికాలో ఎనిమిది ట్రామా సెంటర్లలో జరిగిన లీప్ అధ్యయనంలో, చర్మం చీలి టిబియా విరిగినవాళ్ళలో పొగ తాగేవారికి ఎముక అతికే అవకాశం 37 శాతం తక్కువ, చీము పట్టే ముప్పు రెండింతలకు పైనే. అదే అధ్యయనంలో, బాగా నలిగిన కాలిని తీసేయకుండా కాపాడినవాళ్ళలో 49.4 శాతం, కాలు తీసేసినవాళ్ళలో 53 శాతం రెండేళ్ళకి పనిలోకి వెళ్ళారు. పెద్ద తేడా లేదు. కోలుకోవడాన్ని వెనక్కి లాగినవి పేదరికం, ఇంట్లో ఆసరా లేకపోవడం, 'నావల్ల కాదు' అనే భావన. అందుకే ఇంట్లోవాళ్ళని కూడా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పండి.

గాజువాక_ఫిజియో:
ఇంకొకటి. కొందరు పుత్తూరు కట్టు కూడా వేయిస్తామంటున్నారు. మేడ మీద ఇళ్ళవాళ్ళకి మెట్లు ఎప్పుడు?

ఎముకలవార్డు:
లోపల రాడ్డు, స్క్రూలు ఉండగా పైన బిగువు కట్టు వద్దండీ. కుట్లచోట చర్మం చెడుతుంది, రసి కారినా తెలియదు. పిక్క బిగిసి, వాచి, నొప్పిపెడితే రక్తం గడ్డకట్టిందేమో, ఆ రోజే చూపించాలి, మాలిష్ చేయకూడదు. మెట్లకి చంక కర్రలతో చదునులో తడబడకుండా నడిస్తే చాలు: ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు దెబ్బకాలు, కర్రలు ముందు. ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా ఒక మెట్టు కింద మనిషి నిలబడాలి.