ఊరి బ్రాంచి పోస్టాఫీసులను మండలంలో కలిపేస్తే నష్టమా?

ఉప్పల్‌వాసి: ఊళ్లో ఉన్న మా అమ్మకు బ్యాంకు స్పీడ్‌పోస్టులో పంపిన ఏటీఎం కార్డు బట్వాడా అయిందని నా ఫోనులో చూపించిన వారానికి, అది కిరాణా దుకాణంలో పప్పు డబ్బాల వెనక దొరికింది. ఇటువంటి పోస్టాఫీసులను మూసి, మండలంలోని సబ్ పోస్టాఫీసు నుంచే బండి మీద బట్వాడా చేయించడం మేలు.

బీపీఎం కొడుకు: కార్డును దుకాణంలో పెట్టడం ముమ్మాటికీ తప్పే. అయితే బ్రాంచి పోస్టుమాస్టరు (బీపీఎం) అంటే పదో తరగతి మార్కులతో ఎంపికై, ఆఫీసుకు గది తానే చూపించి, రోజుకు నాలుగైదు గంటల పనికి భత్యం తీసుకునే గ్రామీణ డాక్ సేవకుడు. 2018 సవరణలో నాలుగు గంటలకు నెలకు 12,000, ఐదు గంటలకు 14,500 రూపాయలు కనీసంగా నిర్ణయించారు. కరువు భత్యం దానికి అదనం. సంచి విప్పడం, పొదుపు ఖాతాలు, పింఛన్లు అన్నీ ఆ గంటల్లోనే చూడాలి.

ఉప్పల్‌వాసి: జీతం సంగతి నేనడగలేదు. ఇవ్వని కార్డును ఇచ్చినట్లు ఎందుకు నమోదు చేశారు?

తార్నాక: 2025లో రిజిస్టరు పోస్టు కూడా స్పీడ్‌పోస్టులో కలిసిపోయింది. అదనపు రుసుము కడితే ఓటీపీ చెప్పిన తరువాతే ఇచ్చే పద్ధతి ఉంది, బ్యాంకు దాన్ని ఎంచుకోవలసింది.

బీపీఎం కొడుకు: నమోదు, నమోదు అని ఒకటే పాట! ఈడీ ఏజెంట్లవి (అప్పట్లో డాక్ సేవకులను అలాగే పిలిచేవారు) సివిల్ పోస్టులేనని, అంటే ప్రభుత్వ కొలువులేనని, 1977లోనే సుప్రీంకోర్టు చెప్పినా, జీవితమంతా సంచి మోసిన మా నాన్నకు ప్రభుత్వోద్యోగి పింఛను రాలేదు. దానికెవరు జవాబు చెబుతారు?

ఉప్పల్‌వాసి: మీ నాన్నగారికి జరిగిన అన్యాయానికి మా అమ్మ నష్టపోవాలా?

సిద్దిపేట అమ్మాయి: మా నాయనమ్మ వేలిముద్ర పడనప్పుడు మా బీపీఎం సారు తడిగుడ్డతో వేళ్లు తుడిపించి, ఒక్కో వేలూ పెట్టించి చూసి పింఛను చేతికిస్తారు. మండలానికి పొమ్మంటే ఆటో కిరాయికే కొంత పోతుంది. మీ అమ్మగారు పింఛను ఎక్కడ తీసుకుంటున్నారు?

ఉప్పల్‌వాసి: అక్కడే. అది ఉందనే ధీమాతోనే ఆమె ఊరు కదలడం లేదు. ఇక్కడ మా ఇంట్లో ఉంటూ డబ్బు తీసుకోవచ్చని ఆ కార్డు పెట్టించింది నేనే.

బీపీఎం కొడుకు: అంటే అమ్మగారిని హైదరాబాదు రప్పించడానికి ఊరందరి పోస్టాఫీసు మూయించాలన్నమాట! కార్డు విషయమై డివిజన్ సూపరింటెండెంటుకు కన్‌సైన్‌మెంట్ నంబరు రాసి ఫిర్యాదు చేయండి, నమోదు చేసినవారే సంజాయిషీ ఇస్తారు. ఊరు వదిలే విషయం మాత్రం మీరూ అమ్మగారూ తేల్చుకోండి.