ఎత్తు పెంచిన జిమ్నీ: స్టీరింగ్ భాగాలన్నీ మార్చాలా, ముందు లోపం వెతకాలా?

హనుమకొండ నుంచి ఒక సభ్యుడు:

నా ఐదు తలుపుల మారుతీ జిమ్నీకి రెండు అంగుళాల లిఫ్ట్ చేయించాను. 195/80 ఆర్15 టైర్లు తీసి 235/75 ఆర్15 వేయించాను. లిఫ్ట్‌కు ముందు బండి సూటిగా నడిచేది. ఇప్పుడు ములుగు రోడ్డు మీద డెబ్బై వేగంలో వంతెన అతుకు తగిలితే చాలు, ముందు చక్రాలు గజగజ వణుకుతాయి. బాగా నెమ్మదిస్తేనే ఆగుతుంది. మొన్న పక్క సీటులో మా అమ్మ ఉంది, చాలా భయపడింది. పైగా బండి తిన్నగా పోతున్నా స్టీరింగ్ కొంచెం పక్కకు తిరిగి ఉంటోంది.

లిఫ్ట్ చేసిన వర్క్‌షాప్ వారు మందపాటి టై రాడ్ (ముందు చక్రాలు రెండింటినీ కలిపే కడ్డీ), కిందికి వంగిన పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ పెట్టె నుంచి వచ్చే చెయ్యి), బరువైన డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపును అణిచేది) మూడూ వేయాలంటున్నారు. పిట్‌మన్ ఆర్మ్ డబ్బా ఇప్పటికే ఇంటికి వచ్చింది. ఇవన్నీ నిజంగా అవసరమా?

భూపాలపల్లి సభ్యుడు:

అవసరమే. ఆలోచించకండి. మంగపేట దగ్గర వాగులో నా పాత జిప్సీ టై రాడ్ బండరాయికి తగిలి విల్లులా వంగింది. చక్రాలు రెండూ లోపలికి చూస్తుంటే ఇరవై కిలోమీటర్లు ఈడ్చుకుంటూ వచ్చాను, టైర్లు అరిగిపోయాయి. పెద్ద టైరును తిప్పే భారమంతా ఆ సన్న కడ్డీల మీదే పడుతుంది. టైరు పెంచినవారు రాడ్ కూడా పెంచాలి. డ్యాంపర్ వేస్తే వణుకూ పోతుంది.

వరంగల్ సభ్యుడు (ఆటోనగర్‌లో చాలా ఏళ్లు పనిచేశాను):

అన్నా, మీ రాడ్ వంగిన బాధ నిజమే. కానీ ఈ తమ్ముడి బండిలో ఏదీ వంగలేదు. ఆయన అడిగింది వణుకు గురించి.

జిమ్నీకి ముందు కూడా గట్టి ఇరుసే, అంటే రెండు చక్రాలకూ కలిపి ఒకే ఇరుసు. ఆ ఇరుసు పక్కకు జరగకుండా పట్టి ఉంచేది ప్యాన్‌హార్డ్ రాడ్. దాని ఒక కొన ఛాసిస్‌కు, మరో కొన ఇరుసుకు బిగించి ఉంటుంది. స్టీరింగ్ పెట్టె నుంచి చక్రానికి వెళ్లే డ్రాగ్ లింక్ దానికి దాదాపు సమాంతరంగా ఉంటుంది. కంపెనీ వారు కావాలనే అలా పెట్టారు. బండి గుంతలో దిగి లేచినప్పుడు రెండు కడ్డీలూ ఒకే వంపులో కదలాలి. అప్పుడే స్టీరింగ్ దానంతట అది తిరగదు.

ఇప్పుడు లెక్క చూడండి. ఉదాహరణకు ఒక రాడ్ పొడవు 800 మి.మీ., దాని రెండు కొనల ఎత్తులో తేడా 50 మి.మీ. అనుకుందాం. రెండు అంగుళాలు లేపితే ఆ తేడా 100 అవుతుంది. ఇరుసు దాదాపు 5 మి.మీ. పక్కకు, ఛాసిస్ కొన వైపు జరుగుతుంది. డ్రాగ్ లింక్ వాలు కూడా అలాగే పెరుగుతుంది కాబట్టి సమాంతరం చాలావరకు నిలిచే ఉంటుంది. వాలిన డ్రాగ్ లింక్ చక్రాన్ని కొంచెం లాగుతుంది, మీ స్టీరింగ్ పక్కకు తిరిగింది ముఖ్యంగా అందుకే. ఇప్పుడు పిట్‌మన్ ఆర్మ్ ఒక్కటే మార్చారనుకోండి. డ్రాగ్ లింక్ చదునవుతుంది, ప్యాన్‌హార్డ్ మాత్రం వాలుగానే మిగులుతుంది. ఇప్పటిదాకా లేని జబ్బును డబ్బిచ్చి కొనుక్కున్నట్టే: ప్రతి గుంతలోనూ స్టీరింగ్ చేతిని గుంజుతుంది. ఆర్మ్ కిందికి దిగినకొద్దీ స్టీరింగ్ పెట్టె షాఫ్టును వంచే బలం కూడా పెరుగుతుంది. ఆ డబ్బా తెరవకండి, దయచేసి.

రెండోది క్యాస్టర్. సైకిల్ ముందు ఫోర్కు వాలుగా ఉంటుంది కదా, ఆ వాలు వల్లే చక్రం తనంతట తాను సూటిగా నిలుస్తుంది. బండి లేపితే ఇరుసును పట్టుకున్న ఆర్ములు తిరుగుతాయి, ఇరుసు కూడా తిరిగి ఆ వాలు తగ్గుతుంది. అప్పుడు బండి రోడ్డు మీద నిలకడ లేకుండా తిరుగుతుంది. దానికి మందు రాడ్ కాదు, రంధ్రం మధ్యలో కాకుండా పక్కకు జరిపిన బుష్‌లు (ఆర్ముల కొనల్లో ఉండే రబ్బరు తొడుగులు). పాత మహీంద్రా జీపుల్లా కమాన్ పట్టీల బండికైతే పట్టీ కింద వాలు ముక్క పెడతారు.

ఇక వణుకు. ఎక్కడో ప్లే, అంటే జాయింటులో వదులు, ఉంది. ఇంజన్ ఆన్ చేసి, చక్రాలు నేల మీదే ఉంచి, ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పాలి. ఇంకొకరు కింద పడుకుని ఒక్కో జాయింటు మీద వేలు పెట్టి చూడాలి. ప్యాన్‌హార్డ్ రెండు బోల్టుల దగ్గరా ముందు చూడండి. తర్వాత జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కింగ్‌పిన్ (చక్రం అటూ ఇటూ తిరిగే కీలు), వీల్ బేరింగుల సంగతి తెలుస్తుంది. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే టై రాడ్ కొనలు. టైర్ల బ్యాలెన్సింగ్ కూడా చూపించండి, ఎందుకంటే టైర్లు పెద్దవయ్యాయి: పాత టైరు వ్యాసం 693 మి.మీ., ఇప్పటిది 733. డ్యాంపర్ ముందే వేస్తే ఆ ప్లే కనబడకుండా దాక్కుంటుంది, బోల్టు రంధ్రం మాత్రం రోజురోజుకూ పెద్దదవుతుంది.

కరీంనగర్ సభ్యురాలు:

ఒక మాట. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. కంపెనీ నిర్దేశించినదానికి భిన్నంగా మార్పులు చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా వారు ముందు అడిగేది ఇదే. స్టీరింగ్ భాగాన్ని వెల్డింగ్ చేసి పొడిగిస్తామని ఎవరైనా అంటే మాత్రం, చట్టం సంగతి అలా ఉంచండి, ప్రాణం కోసం వద్దనండి.

భూపాలపల్లి సభ్యుడు:

పిట్‌మన్ ఆర్మ్ విషయంలో ఒప్పుకుంటాను, సమాంతరం సంగతి నాకు తట్టలేదు. టై రాడ్ మీద మాత్రం వెనక్కి తగ్గను. రాళ్లలోకి దిగే బండికి మందపాటి రాడ్ ఉండాల్సిందే.

వరంగల్ సభ్యుడు:

రాళ్లలోకి దిగేవారికి సరే. కానీ సన్న రాడ్ వంగితే చెట్టుకు కట్టి లాగి, కొంత సరిచేసుకుని ఇల్లు చేరవచ్చు. రాడ్ వంగకపోతే ఆ దెబ్బ నకిల్‌కో (చక్రాన్ని పట్టి తిప్పే ముక్క) స్టీరింగ్ పెట్టెకో వెళ్తుంది. అది పగిలితే ఏటూరునాగారం దారిలో రాత్రంతా కూర్చోవాల్సిందే. రాయికి తగలనివ్వని ఒక పలక ముందు బిగించుకోండి, అది చవక.

హనుమకొండ సభ్యుడు:

చూశాను. నాన్న స్టీరింగ్ తిప్పుతుంటే నేను కింద పడుకున్నాను. ప్యాన్‌హార్డ్ రాడ్ ఇరుసు వైపు కొన కళ్లెదుటే టక్ టక్‌మని కదిలింది. లిఫ్ట్ చేసినప్పుడు ఆ బోల్టు పూర్తిగా బిగించలేదు, బుష్ ఒక పక్క అరిగిపోయింది. కొత్త బుష్ వేయించి, బండి బరువు చక్రాల మీద ఉండగా టార్క్ రెంచితో బిగించాం. నిన్న అదే వంతెన మీద అదే వేగంతో మూడుసార్లు వెళ్లాను. వణుకు లేదు.

అలైన్‌మెంట్‌లో క్యాస్టర్ రెండు డిగ్రీల దాకా తగ్గిందని తేలింది, బుష్‌లు తెప్పిస్తున్నాను. డ్రాగ్ లింక్ పొడవు సరిచేసి స్టీరింగ్ మధ్యకు తెచ్చాక, స్టీరింగ్ ఎంత తిరిగిందో చెప్పే కోణం సెన్సర్‌ను కూడా తిరిగి జీరో చేయించాలట. లేకపోతే బండి జారకుండా చూసే వ్యవస్థ, బండి మలుపులో ఉందని పొరబడి బ్రేకు పట్టే ప్రమాదం ఉంది.

పిట్‌మన్ ఆర్మ్ డబ్బా సీలు తీయకుండానే వెనక్కి ఇచ్చాను. పలక చేయిస్తున్నాను, పాత టై రాడ్ మార్చడం లేదు. వానలు తగ్గాక మంగపేట వాగులో అది వంగితే, భూపాలపల్లి అన్నకు ఇక్కడే ఫొటో పెడతాను.