లోడ్ బ్యాలెన్సర్‌లో క్యాష్ హెడర్లు: కొందరికి మాత్రమే లాగిన్ పేజీ పాతది వస్తోంది

నిద్రలేని_అడ్మిన్:
వెనక సర్వర్లను ముట్టుకునే వీల్లేదు. అందుకని ఎఫ్5 (సర్వర్ల ముందుండి రిక్వెస్టులను పంచే మా లోడ్ బ్యాలెన్సర్) మీద ఐరూల్ (అందులో నడిచే చిన్న స్క్రిప్టు) రాసి బొమ్మలకు, సీఎస్ఎస్‌కు, జేఎస్‌కు మ్యాక్స్-ఏజ్ (బ్రౌజరు ఫైలును దాచుకుని వాడుకునే గడువు) 31536000 సెకన్లు, అంటే ఏడాది పెట్టాను. రిక్వెస్ట్ ఈవెంట్‌లో పాత్ (యూఆర్ఎల్‌లో ఫైలు ఉన్న దారి) చూసి, అలాంటి ఫైలైతే ఒక వేరియబుల్‌లో 1 పెడతాను. రెస్పాన్స్ ఈవెంట్‌లో అది 1 ఉంటే హెడర్ మారుస్తాను. లైవ్‌లోకి వెళ్లాక కొందరికి లాగిన్ పేజీ కూడా ఏడాదికి క్యాష్ అయి (బ్రౌజరులో దాగిపోయి) కూర్చుంది. కర్ల్‌తో (కమాండ్ కొట్టి పేజీ తెప్పించుకునే టూల్) చూస్తే అంతా సవ్యంగానే ఉంది. రెండు రోజులుగా ఒకటే టెన్షన్.

పాతచొక్కా:
వేరియబుల్‌ని మళ్లీ 0 చేస్తున్నారా? ఐరూల్‌లో మామూలు వేరియబుల్ రిక్వెస్టుతో పోదు, కనెక్షన్ ఉన్నంతసేపూ ఉంటుంది. బ్రౌజరు కీప్-అలైవ్‌లో (కనెక్షన్ మూయకుండా మళ్లీ వాడుకుంటూ) లోగో అడిగి, అదే కనెక్షన్ మీద లాగిన్ పేజీ అడిగిందనుకోండి, లోగోకి పెట్టిన 1 దానికీ అంటుకుంటుంది. మీరు కర్ల్ కొట్టిన ప్రతిసారీ కొత్త కనెక్షన్ కాబట్టి దొరకలేదు. ఒకే కమాండ్‌లో లోగో, లాగిన్ యూఆర్ఎల్‌లు వరసగా ఇచ్చి చూడండి.

నిద్రలేని_అడ్మిన్:
దొంగ దొరికాడండీ! రిక్వెస్ట్ ఈవెంట్ మొదటి లైన్లోనే 0 పెట్టేశాను. మరి ఇప్పటికే క్యాష్ అయినవాళ్ల సంగతి?

పాతచొక్కా:
గడువు తీరేదాకా బ్రౌజరు మనల్ని అడగనే అడగదు కదా. లాగిన్ లింకుల్ని కొత్త యూఆర్ఎల్‌కి మార్చండి. దాచుకున్నవి చెరిపేయమని బ్రౌజరుకు చెప్పే క్లియర్-సైట్-డేటా అనే హెడర్ ఉంది గానీ, దాన్నొక్కదాన్నే నమ్ముకోను.

మూడోరీలోడ్:
మా లోడ్ బ్యాలెన్సర్ హెచ్ఏప్రాక్సీ. పాత్‌ని టీఎక్స్ఎన్ వేరియబుల్‌లో దాస్తాం, అది ఆ ఒక్క రిక్వెస్టుకే కాబట్టి ఈ గొడవ లేదు. నేను చేసిన ఘనకార్యం వేరు: సెట్-హెడర్ (ఉన్నదాన్ని మార్చేది) బదులు యాడ్-హెడర్ (పక్కన ఇంకోటి చేర్చేది) రాశాను. అప్లికేషన్ పంపే నో-స్టోర్ (అసలు దాచుకోవద్దు అనేది) ఒకటి, నా మ్యాక్స్-ఏజ్ ఒకటి, రెండూ వెళ్లాయి. బ్రౌజరు నో-స్టోర్ మాటే విని ఏదీ దాచుకోలేదు.

ఇంకోటి, స్టేటస్ (సర్వర్ జవాబుతో పంపే కోడ్) కూడా చూడండి. ఓ డిప్లాయ్ (కొత్త వెర్షన్ పెట్టడం) మధ్యలో కొత్త జేఎస్ ఒక సర్వర్‌కి చేరింది, రెండోదానికి చేరలేదు. అక్కడి 404కి (ఫైలు లేదనే జవాబు) కూడా మా స్క్రిప్టు ఏడాది గడువిచ్చి పంపింది! ఇప్పుడు 200కి (సరిగ్గా దొరికింది), 304కి (మారలేదు) తప్ప హెడర్ పెట్టను.

కొత్తగా_చేరా:
ఎక్స్‌పైర్స్ (గడువు తీరే తేదీ, టైము చెప్పే హెడర్) కూడా రాయాలా?

పాతచొక్కా:
మ్యాక్స్-ఏజ్ ఉంటే ఎక్స్‌పైర్స్‌ని బ్రౌజరు లెక్కచేయదు. రాస్తే మాత్రం టైము జీఎంటీలోనే ఉండాలి.

నిద్రలేని_అడ్మిన్:
స్టేటస్ మాట చదివి ఇప్పుడే చూశా. నా 404లు కూడా ఏడాదికే పోతున్నాయి. మళ్లీ ఎడిటర్ తెరుస్తున్నా.